చెదలను చంపే ఈగలు: పొలంలో గుర్తించడం, నిలుపుకోవడం, వాటితో పాటు చేయాల్సిన పనులు

"చెదల్ని చంపే ఈగ ఉందట కదా, ఎక్కడ దొరుకుతుంది? ఎకరాకు ఎన్ని వదలాలి?" అని అడిగే రైతులు చాలామంది. ముందే సూటిగా చెబుతాను. ఈగలు ఉన్న మాట నిజం. చెద ఒంట్లోనే పెరిగి దాన్ని చంపుతాయి. కానీ పురుగు గుడ్లను చంపే ట్రైకోగ్రామా కందిరీగల కార్డుల్లా కొని తెచ్చి పొలంలో వదిలే పద్ధతి వీటికి లేదు. ఎవరైనా సీసాలో పెట్టి అమ్మితే కొనకండి.

మన చేతిలో ఉన్న పనులు రెండు. ఒకటి, పొలంలో ఈగలు ఉన్నాయో లేదో చూసి, ఉంటే మందులతో చంపుకోకుండా ఉండటం. రెండు, పంటను కాపాడే బరువును తేమ, శుభ్రత, మెటారైజియం (చెదకు జబ్బు చేసి చంపే శిలీంధ్రం) మీద పెట్టడం. ఈ రెండూ ఏ వరుసలో చేయాలో చూద్దాం.

1. ఈ ఈగల గురించి తెలియాల్సినంత

బాగా గమనించిన ఈగల్లో ఒకటి మలేషియాది. దాని పేరు మిసోటెర్మిస్ మిండెని, ఫోరిడ్ కుటుంబానికి చెందిన చిన్న ఈగ. అది మాక్రోటెర్మిస్ గిల్వస్ అనే చెదలో సైనికుల్ని పట్టుకుంటుంది. ఒక్కో సైనిక చెదలో ఒక్కటే పిల్లపురుగు పెరుగుతుంది. పురుగు పట్టిన సైనిక చెద తల ఆకారం మారుతుంది, కరిచే దూకుడు తగ్గుతుంది. హాంకాంగ్‌లో మాక్రోటెర్మిస్ బార్నెయి సైనికుల తలలో పెరిగే వెర్టీసియా ఫాసివెంట్రిస్ అనే మరో ఈగ గురించి 2008లో వివరంగా రాశారు. అది ఫోరిడ్ కాదు, బ్లో ఫ్లై అనే ఈగల తరహాది.

వీడియోల్లో కనిపించే "తల తెంచే ఈగ" వేరే. అది సూడాక్టియాన్. అమెరికాలో నిప్పు చీమల మీద వదిలారు, చెదల మీద కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే "వదిలితే చాలు" అనే ఆశ పుట్టింది.

పంటను తినేది శ్రామిక చెద. ఈగ ఎక్కువగా పట్టేది సైనిక చెదను. గూడులో సైనికులు కొద్దిమందే, లోపల రాణి రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అందుకే ఈగ ఒక్కటే పంటను కాపాడలేదు. అయితే కాపలా పలచబడ్డ గూటి మీద చీమలు సులభంగా పడతాయి. ఈగను నిలుపుకోవడానికి ఆ లాభం చాలు.

2. ముందు మీ చెద ఏదో తేల్చుకోండి

మన ఎర్ర నేలల్లో, వేరుశనగ, చెరకు, మొక్కజొన్న, మిరప, మామిడి తోటల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు.

ఓడోంటోటెర్మిస్: పుట్ట పెడుతుంది, లేదా చెట్టు మొదలు మీద, ఎండు ఆకుల మీద మట్టి పొర కప్పుతుంది. సైనిక చెద మామూలు కంటికి బాగా కనిపిస్తుంది. కాయను, బెరడును బయట నుంచి గీకి తింటుంది.

మైక్రోటెర్మిస్: పుట్ట ఉండదు. నేలలో అక్కడక్కడ చిన్న చిన్న గదులుంటాయి. చెద చాలా సన్నం. తల్లి వేరులోకి దూరి లోపల తినేసి మట్టి నింపుతుంది. మొక్క పట్టి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది.

ఈగల కోసం వెతికితే ఓడోంటోటెర్మిస్ దగ్గరే వెతకండి. సైనిక చెద ఒంట్లో పురుగు పెరగడానికి చోటుండాలి. మైక్రోటెర్మిస్ ఒక్కటే ఉన్న పొలమైతే 3 నుంచి 6 దాకా భాగాలు వదిలేసి నేరుగా 7వ భాగానికి వెళ్ళండి.

ఇంకో మాట. ఎండిన మొక్క మొదట్లో చెద కనిపించగానే చెదే చంపిందనుకోకూడదు. మొదలుకుళ్ళుతో చచ్చిన మొక్కను తినడానికి కూడా చెద వస్తుంది. పక్కనే వాడుతూ ఇంకా బతికున్న మొక్కలు నాలుగైదు పీకి చూడండి. వాటి వేరులో చెద లేకపోతే మీ సమస్య తెగులు. దానికి చెద మందు వేస్తే డబ్బు దండగ.

3. వెతకడానికి కావాల్సినవి

- తెల్ల ట్రే, లేదా తెల్ల ప్లాస్టిక్ మూత
- సన్నటి పెయింట్ బ్రష్ (పట్టకారుతో పట్టుకుంటే చెద నలిగిపోతుంది)
- పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం
- మూత ఉన్న చిన్న డబ్బాలు 6, మూతకు రంధ్రం చేసి పలుచటి గుడ్డ అతికించినవి
- తెల్ల టిష్యూ కాగితం, నీళ్ళ సీసా
- పలుగు, తాపీ
- చిన్న సీసాలో 70 శాతం ఆల్కహాల్
- పెన్సిల్, కాగితపు చీటీలు (ఆల్కహాల్‌లో పెన్ను రాత చెరిగిపోతుంది)
- పొడవు చేతుల చొక్కా, బూట్లు, కర్ర

బూట్లు, కర్ర తప్పనిసరి. పుట్టల్లో పాములుంటాయి. పాత రంధ్రంలో చేయి పెట్టొద్దు. ఊళ్ళో నాగుల చవితికి పాలు పోసే పుట్ట జోలికి అసలు వెళ్ళొద్దు, మీ పొలంలోనే వేరే చోటు చూసుకోండి.

4. ఈగ పట్టిన చెదను పట్టుకోవడం

మంచి సమయం వాన పడ్డ మర్నాడు పొద్దున్నే, లేదా సాయంత్రం చల్లబడ్డాక. ఎండ పెరిగితే చెద లోపలికి దిగిపోతుంది.

మొదటి పని, చూడటం. పుట్ట పక్కన తాపీతో అరచేయంత చోటు గీకి పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. సైనికులు పగులు దగ్గరికి వస్తారు, శ్రామికులు తడి మట్టితో పూడుస్తారు. ఆ పగులు మీద సన్నటి ఈగలు తిరుగుతున్నాయేమో గమనించండి. ఫోరిడ్ ఈగకు వీపు గూనిలా ఉంటుంది, పొడవు 1 నుంచి 4 మిల్లీమీటర్లు. ఎగరడం కన్నా ఆగి ఆగి వేగంగా పరిగెత్తడం దాని అలవాటు. ఆ నడకను ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు.

రెండో పని, పట్టడం. బ్రష్‌తో సైనికుల్ని ట్రేలోకి తోయండి. ఒక్కో పుట్ట నుంచి కనీసం 50 సైనిక చెదలు చూడందే ఏమీ చెప్పలేం. కూడా కొంతమంది శ్రామికుల్ని, గూటి లోపల చెదలు తిండి కోసం పెంచుకునే బూజుతోట ముక్క చిన్నదాన్ని తీసుకోండి. వీటి అవసరం తర్వాతి భాగంలో చెబుతాను.

మూడో పని, వేరు చేయడం. ట్రేలో ఉన్న సైనికుల్ని బ్రష్ మొనతో మెల్లగా తాకండి. ఆరోగ్యంగా ఉన్నది వెంటనే దవడలు తెరిచి కరవబోతుంది. అనుమానించాల్సినవి ఇవి:

- తాకినా కరవకుండా మందంగా ఉన్నది
- తల మిగతావాటికన్నా గుండ్రంగా, దవడలు పొట్టిగా ఉన్నది
- పొట్ట బాగా ఉబ్బినది
- వెలుతురుకు పట్టి భూతద్దంలో చూస్తే లోపల మీగడ రంగు పురుగు మెదులుతున్నది

ఒక్క లక్షణం చాలదు. రెండైనా కలిసి కనిపించినవాటినే డబ్బాలో వేయండి.

5. డబ్బాలో ఉంచి నిర్ధారించుకోవడం

చాలామంది తొందరపడి ఇక్కడే చెడగొట్టుకుంటారు. సైనిక చెద తనంతట తాను తినలేదు, శ్రామికులే దాని నోటికి తిండి అందించాలి. ఒంటరిగా డబ్బాలో పెడితే రెండు మూడు రోజుల్లో ఆకలితోనే చస్తుంది. చచ్చిన చెద మీద ఏ ఈగ వచ్చినా అది రుజువు కాదు.

వరుస ఇలా:

ఒక డబ్బా అడుగున టిష్యూ పరిచి నీళ్ళు చిలకరించండి. తడి తగలాలి, నీళ్ళు నిలవకూడదు.

అనుమానపు సైనిక చెద ఒక్కటి, శ్రామికులు పది, గోరంత బూజుతోట ముక్క, చిన్న ఎండు పుల్ల వేయండి. తోట ముక్క పెద్దది వేస్తే దాన్ని శుభ్రం చేసే శ్రామికులు చాలక వేరే బూజు కమ్మేసి డబ్బా మొత్తం చెడుతుంది. నల్ల బూజు మొదలవగానే తీసి పారేయండి.

మరో డబ్బాలో అదే పుట్ట నుంచి తెచ్చిన ఆరోగ్యమైన సైనిక చెదను అదే పద్ధతిలో పెట్టండి. పోల్చడానికి ఇది లేకపోతే మీరు చూసిందానికి విలువ లేదు.

చీకటిగా, చల్లగా ఉన్న చోట ఉంచండి, 25 నుంచి 28 డిగ్రీలు సరిపోతుంది. చీమలు పట్టకుండా డబ్బాల కింద నీళ్ళ పళ్ళెం పెట్టండి.

రోజుకోసారి తెరిచి చూసి, చచ్చిన వాటిని తీసేయండి. ఏ రోజు ఏం కనిపించిందో రాసుకోండి.

బతికున్న చెద లోంచి పురుగు బయటికి రావడం చూస్తే, లేదా చచ్చిన వెంటనే దాని లోపల ఒక్కటే పెద్ద పురుగు కనిపిస్తే, అది నిజంగా ఈగ పట్టిన చెద. పురుగు తర్వాత గోధుమ రంగు గింజలా మారుతుంది. ఫోరిడ్ గింజకు అడుగు కాస్త బల్లపరుపుగా, పైన కొమ్ముల్లాంటి రెండు శ్వాస గొట్టాలు ఉంటాయి. దాన్ని కదపకండి, అదే డబ్బాలో గుడ్డ మూత వేసి ఉంచండి.

ఈగ బయటికొచ్చాక ఒక రోజు ఆగండి. రెక్కలు గట్టిపడ్డాక ఆల్కహాల్‌లో వేయండి. చీటీ మీద తేదీ, ఊరు, మండలం, పంట, పుట్ట నుంచా చెట్టు నుంచా అన్నది పెన్సిల్‌తో రాయండి. అదే సీసాలో చెద సైనికులు కొన్నింటిని కూడా ఉంచాలి. ఈగ పేరుతో పాటు చెద పేరు తేలకపోతే సగం పనే అయినట్టు. సీసాను దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి ఇవ్వండి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ లాంటి చోటికి వాళ్ళ ద్వారా పంపమని అడగండి.

6. ఇక్కడ జరిగే పొరపాట్లు

చచ్చిన చెదల డబ్బాలోంచి ఈగలు వచ్చాయి. ఇది మెగాసీలియా స్కేలారిస్ అయ్యే అవకాశం ఎక్కువ. కుళ్ళిన దేని మీదైనా పెరుగుతుంది, ప్రయోగశాలల్లో కీటకాలు పెంచేవాళ్ళకు కూడా ఇదే తలనొప్పి. డబ్బా మూత గుడ్డ మరీ సన్నటి నేత ఉండాలి, దోమతెర చాలదు.

గూటి లోపలే విచిత్రమైన, రెక్కల్లేని, పొట్ట ఉబ్బిన చిన్న ఈగలు కనిపించాయి. ఓడోంటోటెర్మిస్ గూళ్ళలో చెదలతో కలిసి బతికే ఫోరిడ్ ఈగలు కొన్ని ఉన్నాయి. అవి గూటికి అతిథులు. వాటిని చూసి "ఈగలు పని చేస్తున్నాయి" అనుకోవద్దు.

పొట్టలో నల్లగా ఏదో కనిపించింది. శ్రామిక చెదకు తిన్న మట్టి, తిండి బయటికి కనిపిస్తాయి. పురుగు అయితే మీగడ రంగులో ఉంటుంది, మెదులుతుంది.

ఒంటి మీద తెల్ల చుక్కలు పాకుతున్నాయి. అవి నల్లులు (మైట్లు), ఈగ గుడ్లు కావు.

ఉసిళ్ళు లేచేటప్పుడు పెద్ద ఈగలు వాటిని ఎత్తుకుపోతున్నాయి. ఇవి వేటాడే దొంగ ఈగలు. ఇవీ మిత్రులే, కానీ పరాన్నజీవులు కావు. తొలకరికి రెక్కలొచ్చిన జంటల్లో ఎన్ని తగ్గితే అన్ని కొత్త గూళ్ళు తగ్గుతాయి. ఆ పూట నల్ల ఏట్రింతలు, గోరువంకలు, కప్పలు, తొండలు, చీమలు కలిసి చేసే పని ఏ మందూ చేయలేదు. అందుకే ఉసిళ్ళు లేచే రోజుల్లో పొలంలో పిచికారీ పెట్టుకోవద్దు.

7. పంటను కాపాడే పని: విత్తే ముందు నుంచి

ఈగలు ఉన్నా లేకపోయినా ఇది చేయాల్సిందే. వరుస మారిస్తే ఫలితం మారుతుంది.

7.1 నెల ముందు: చెద ఎక్కడుందో చూడటం

మట్టికుండ అడుగున, పక్కల నాలుగైదు రంధ్రాలు చేసి, గింజ ఒలిచిన మొక్కజొన్న బెండ్లు నింపి, కొంచెం తడిపి, మూతికి గుడ్డ కట్టండి. మూతి నేలమట్టానికి వచ్చేలా పాతండి. ఎకరాకు నాలుగైదు చోట్ల చాలు. రెండు వారాలకు తీసి చూస్తే చెద ఎటువైపు ఎక్కువో తెలుస్తుంది. నిండిన కుండలో చెదల్ని కోళ్ళకు వేసి, కొత్త బెండ్లతో మళ్ళీ పాతండి. మందు అవసరమైనా పొలమంతా కాకుండా ఆ చోటికే పరిమితం చేసుకోవచ్చు. ఈగలకు జరిగే మేలు కూడా ఇక్కడే మొదలవుతుంది.

7.2 శుభ్రత

చివకని పేడ వేయొద్దు. అది చెదకు పిలుపు. పూర్తిగా మాగి, మట్టి వాసన వచ్చే ఎరువే వేయాలి. మోళ్ళు, ఎండు కట్టెలు ఏరేయండి, తగలబెట్టకండి. ప్రకృతి సేద్యంలో ఆచ్ఛాదన వేసేవాళ్ళు ఎండుగడ్డిని మొక్క మొదలుకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచాలి. ఆచ్ఛాదనలో చెద తిరగడం దానంతట అది నష్టం కాదు, అది ఎండినదాన్ని తింటోంది. ఆ ఎండినది అయిపోయి నేల కూడా ఎండితే అప్పుడు మొక్క మీదికి వస్తుంది.

7.3 మెటారైజియం సిద్ధం చేయడం

విత్తడానికి పది రోజుల ముందు మొదలుపెట్టండి.

- మెటారైజియం అనిసోప్లియే పొడి: ఎకరాకు 2 కిలోలు. ప్యాకెట్ మీద తయారీ తేదీ, గడువు చూడండి. ఎండలో పెట్టి అమ్మే దుకాణంలో కొనొద్దు.
- బాగా మాగిన పశువుల ఎరువు: 100 కిలోలు
- నీడ, గోనెసంచులు, నీళ్ళు

ఎరువును నీడలో పరిచి, పొడిని పొరలు పొరలుగా కలపండి. పిడికిట్లో పట్టి పిసికితే ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. తడి గోనె కప్పండి. రెండు మూడు రోజులకోసారి తిరగేసి, ఆరితే చిలకరించండి. వారం నుంచి పది రోజులకు సిద్ధం.

చల్లేది సాయంత్రం, నేలలో తేమ ఉన్నప్పుడు. చల్లిన వెంటనే దుక్కిలో కలిపేయాలి. ఎండ తగిలితే శిలీంధ్రం బీజాలు చస్తాయి. 25 నుంచి 30 డిగ్రీలు దీనికి హాయి, 35 దాటితే మందగిస్తుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు మే నెలలో పొడి దుక్కిలో చల్లితే ఎరువు తప్ప ఏమీ మిగలదు. తొలకరి పదును దాకా ఆగండి.

వేపపిండి వేసేవాళ్ళు ఆఖరి దుక్కిలో ఎకరాకు 200 కిలోలు వేసుకోవచ్చు.

మెటారైజియంను మాంకోజెబ్, కార్బెండజిమ్ లాంటి తెగులు మందులతో కలపకూడదు. కలిపితే శిలీంధ్రమే ముందు చస్తుంది.

7.4 విత్తనం

చెద బాగా ఉన్న పొలంలో వేరుశనగకు విత్తనశుద్ధి మానొద్దు. తెగులు మందు, పురుగు మందు, చివర్లో రైజోబియం జీవన ఎరువు: ఈ వరుసే పాటించాలి. మోతాదు లేబుల్ మీద ఉన్నంతే. విత్తనానికి పట్టించిన మందు పుట్ట మీద తిరిగే ఈగలకు పెద్దగా తగలదు. అందుకే నా దృష్టిలో పొలమంతా గుళికలు చల్లడం కన్నా ఇది చాలా మేలు. చెరకు ముచ్చెలకు కూడా అంతే, చాళ్ళలో పోయడం కన్నా ముంచి నాటండి. పాత ఫోరేట్ గుళికలు ఇంట్లో ఉంటే వాడొద్దు, అది నిషేధించిన మందు.

7.5 పైరు మీద

బెట్టే చెదకు తలుపు తెరుస్తుంది. వాన ముఖం చాటేసినప్పుడు ఒక్క ప్రాణ తడి ఇవ్వగలిగితే మిగతా పనులన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. మొక్కలు అక్కడక్కడ వాడుతుంటే ఆ చుట్టూ మాత్రమే లీటరు నీటికి 5 గ్రాముల మెటారైజియం కలిపి సాయంత్రం మొదళ్ళలో పోయండి.

వేరుశనగ ముదిరాక పీకడం ఆలస్యం చేయకండి. చెద గీకిన కాయలోకి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని కలిగించే బూజు సులువుగా చేరుతుంది. పీకిన చెట్టును చెద ఉన్న నేల మీద కుప్ప వేయొద్దు.

8. పుట్టను ఏం చేయాలి

పొలం మధ్యలో, పంటకు నష్టం చేస్తున్న పుట్టను మాత్రమే తీయండి. గట్టు మీద, బీడులో ఉన్నదాన్ని ఉంచండి. ఈగలు, చీమలు, పక్షులు అక్కడే బతుకుతాయి.

తీయాల్సి వస్తే వాన తర్వాత పలుగుతో పైభాగం తీసి, నేలమట్టానికి కాస్త అటూ ఇటుగా ఉండే గట్టి మట్టి గడ్డ లాంటి రాణి గదిని వెతకండి. రాణిని, రాజును తీశాక లోపలి గదుల్లో మెటారైజియం కలిపిన నీళ్ళు పోసి మట్టి కప్పండి. రెండు వారాలకు మళ్ళీ చూడండి. కొత్త తడి మట్టి కనిపిస్తే ఇంకోసారి పోయాలి.

కిరోసిన్, పెట్రోలు పోసి అంటించడం, పుట్టలో విషవాయువు బిళ్ళలు వేయడం చేయొద్దు. మనిషి ప్రాణానికే ముప్పు, పైగా చుట్టుపక్కల మిత్రకీటకాలన్నీ పోతాయి.

9. ఈగలకు, కందిరీగలకు తిండి

చెదలో పెరిగి బయటికొచ్చిన ఈగ చెదను తినదు, దానికి తేనె, తీపి స్రావం కావాలి. గట్ల మీద ధనియాలు, సోపు, బంతి, పొద్దుతిరుగుడు కొన్ని సాళ్ళు వేసి, విడతలు విడతలుగా పూసేలా చూడండి. ఇవే పూలు పచ్చపురుగు, పేనుబంక మీద పనిచేసే మిత్రకీటకాలకు కూడా ఆసరా. పైరు మీద పిచికారీ తప్పనిసరైతే గట్టు పూల మీద పడకుండా కొట్టండి.

10. ఇలా అయితే ఇలా చేయండి

మెటారైజియం వేశాను, పచ్చ బూజు పట్టిన చెద ఒక్కటీ కనిపించలేదు. కనిపించకపోవడమే మామూలు. జబ్బు చేసినదాన్ని, చచ్చినదాన్ని చెదలు పూడ్చేస్తాయి. మీరు లెక్క పెట్టాల్సింది వాడిన మొక్కల్ని. సాలులో 100 మొక్కలకు ఎన్ని వాడాయో వేసిన వారానికి, మూడు వారాలకు రాసుకోండి.

వేసినా నష్టం ఆగలేదు. మూడు చూడండి: గడువు దాటిన పొడా, నేల ఎండిందా, తెగులు మందు కలిపారా. మూడూ కాకపోతే చెద మైక్రోటెర్మిస్ అయ్యుంటుంది. ప్రాణ తడి ఇచ్చి, వచ్చే పంటకు విత్తనశుద్ధి మీద దృష్టి పెట్టండి.

ఎన్ని పుట్టలు చూసినా ఈగ పట్టిన చెద దొరకలేదు. వానాకాలంలో మరో రెండుసార్లు చూడండి. అప్పటికీ లేకపోతే ఆ వెతుకులాట ఆపేయండి. 7వ భాగంలో ఉన్న పనుల్లో ఒక్కటీ మానకండి.

ఈగ దొరికింది, వాటిని పెంచి వదలొచ్చా? వద్దు. బతికున్న సైనిక చెద లేకుండా అవి పెరగవు, చెదను ఇంట్లో నిలపడమే కష్టం. దొరికిన పుట్టకు గుర్తు కర్ర పాతి, దాని చుట్టూ పది అడుగుల దాకా ఏ మందూ పడకుండా చూసుకోండి.